మొదటి బంతిలో రచయితగారు

పేరిందేవమ్మ ముగ్గుర్ని చంపింది. వెంకటకృష్ణారావుగారు ఆవిడ చేత పదకొండు మందిని చంపించారు. ఆ మిగతా ఎనిమిది మంది ఎవరని అడిగిన పాఠకుడు ఒక్కడూ లేడు.

ముగ్గురి సంగతి మాత్రం నిజం. తొంభై ఏళ్ళ కిందట కూచిపూడి దారిలో, కాలువ లాకుల దగ్గర పేరిందేవమ్మ పూటకూళ్ళ ఇల్లు నడిపేది. లాకుల దగ్గర పడవ ఆగినప్పుడు ప్రయాణికులు దిగి, ఆవిడ ఇంట్లో భోంచేసి, ఓ కునుకు తీసి మళ్ళీ పడవెక్కేవాళ్ళు. ఒంటి మీద బంగారం ఉన్నవాళ్ళు కొందరు ఆ కునుకులోంచి లేవలేదు. మొదట ఒక నగల వర్తకుడు, తరవాత ఒక కరణం, చివరికి ఆ ఇద్దరి సంగతీ తెలిసిన ఆవిడ మొగుడు. పొద్దస్తమానం పొయ్యి మీద మరిగి నల్లగా చిక్కబడ్డ ఉలవచారులో ఏం కలిసినా నాలుకకు తెలియదు. బందరు కోర్టులో జడ్జి అడిగితే, "వాళ్ళే రెండోసారి అడిగి వేయించుకున్నారు దొరగారూ," అందట. యావజ్జీవం పడింది, రాజమండ్రి జైల్లోనే పోయింది.

కృష్ణారావుగారు విజయవాడలో ఒక కోచింగ్ సెంటర్లో ఉద్యోగ పరీక్షలకు చరిత్ర చెబుతారు. ఎంతటి సామ్రాజ్యమైనా ఆయన క్లాసులో నాలుగు సమాధానాల్లో ఒకటిగా మిగలాల్సిందే. పరీక్షలో రాని చరిత్ర ఒక్కటైనా రాసి పోవాలని ఆయన కోరిక. రాశారు. పుస్తకాలు వేసే కాశిం ఆ రాతప్రతి ఏకబిగిన చదివి, చాలా బాగుందని మెచ్చుకుని, ఊరికే ఒక మాట అడిగాడు.

"ఈ విద్య ఆవిడతోనే పోయిందంటారా సార్?"

పాపం, అతను తెలుసుకుందామనే అడిగాడు. కృష్ణారావుగారు మాత్రం ఇంటికొచ్చి తొమ్మిదో అధ్యాయం రాశారు. పేరిందేవమ్మ ఆ రహస్యం కూతురికి చెప్పిందని, కూతురు తన కూతురికి చెప్పిందని, ఇవాళ్టికీ డెల్టాలో ఏదో ఒక వంటింట్లో ఆ గరిటె తిరుగుతూనే ఉందని. ఆధారం ఒక్క ముక్క లేదు. పనిలో పనిగా చావులు కూడా పెంచారు. లెక్కల టీచరుగా చేసి రిటైరైన ఆయన భార్య శాంభవి ప్రూఫులు దిద్దుతూ, "ముగ్గుర్ని చంపితే ముగ్గురని రాయాలిగానీ, ఇదేం లెక్కండీ?" అంది. సాహిత్యం లెక్కలకు అందదని ఆయన సెలవిచ్చారు.

పుస్తకం 'లాకుల దగ్గర విషకన్య' పేరుతో వచ్చింది. పట్టుబడేనాటికి పేరిందేవమ్మకు యాభై దాటాయి, నలుగురు పిల్లలు, మోకాళ్ళ నొప్పులు. అట్ట మీద బొమ్మకు మాత్రం పాతికేళ్ళు, పిల్లి కళ్ళు, సన్నటి నడుము. జనం ఎగబడి కొన్నారు. కొన్నవాళ్ళంతా తొమ్మిదో అధ్యాయం తెరిచి చదివారు, మిగతావి అలాగే ఉంచారు.

మనవాళ్ళ సంగతి తెలిసిందే. బస్సులో పక్కన కూర్చున్న మనిషిని ఇంటిపేరు, అమ్మమ్మ వాళ్ళ ఊరు అడిగితే చాలు, దిగేలోపు చుట్టరికం తేల్చేస్తారు. అంత ఆసక్తి గలవాళ్ళకు ఒక హంతకురాలి ఆడపిల్లల సంతతిని వెతికిపట్టడం ఎంతసేపు? హనుమాన్ జంక్షన్‌లో పెళ్ళిళ్ళకు వంటలు చేసే బాలాత్రిపురసుందరి ఆ వరసలో ముని మనవరాలని తేలింది. ఆవిడకు పేరు తెచ్చిన వంటకం ఉలవచారేనని కూడా తేలింది.

ఇక ఒప్పుకున్న పెళ్ళిళ్ళు ఒకటొకటిగా జారిపోయాయి. భయపడుతున్నామని ఒక్కరూ అనలేదు, అంతా మర్యాదస్తులు. ముహూర్తం మారిందన్నారు, మగపెళ్ళివారు వంటవాళ్ళను వాళ్ళే తెచ్చుకుంటామన్నారని చెప్పారు. నిన్నటిదాకా ఆవిడ ఉలవచారు క్యారియర్లలో మోసుకుపోయిన ఎదురింటివాళ్ళు, ఇవాళ తమకు ఉలవలు వేడి చేస్తాయని కనిపెట్టారు.

ఆవిడ తిన్నగా విజయవాడ వచ్చి కృష్ణారావుగారి ఎదుట కూర్చుంది. అరుస్తుందనుకున్నారు. అరవలేదు.

"మా ముత్తమ్మమ్మ ముగ్గుర్ని చంపిన మాట నిజమేనండీ మాస్టారూ. మా ఇంట్లో ఎవరం కాదనం. మా అమ్మ ఏటా ఆ ముగ్గురి పేరన నలుగురికి అన్నం పెట్టిస్తది. ఆ మిగతా ఎనిమిది మంది పేర్లు కూడా చెప్పండి. వాళ్ళ పేరన నేను పెట్టిస్తాను."

కృష్ణారావుగారు ఫ్యాను వైపు చూశారు. "అది... కథనం కోసం కొంత..."

"అయితే కథనం కోసం రాశానని పేపర్లో వేయించండి."

రెండో ముద్రణ ప్రెస్సులో ఉంది. ఒక సాహితీ సంఘం వాళ్ళు చరిత్ర పరిశోధనకు శాలువా కప్పుతామన్నారు. ఈ సమయంలో అలాంటి ప్రకటన వేస్తే పరిశోధన ఎగిరిపోయి శాలువా ఒక్కటే మిగులుతుంది, అదీ మిగిలితే. తలుపు దగ్గర నిలబడ్డ శాంభవి ఆయన మొహంలోకే చూస్తోంది.

"పోనీ, నా వంట తింటారాండీ?" అంది సుందరి. ఒక్క పెళ్ళి ఇంకా చేతిలో ఉందట. పుస్తకం రాసినాయన మొదటి బంతిలో కూర్చుని తింటే తమకు అభ్యంతరం లేదని పెళ్ళికూతురి తండ్రి అన్నాడట.

"దానికేం భాగ్యమమ్మా!" అన్నారు కృష్ణారావుగారు. తప్పు ఒప్పుకోవడం కన్నా భోజనానికి ఒప్పుకోవడం ఆయనకు సులువుగా తోచింది.

ఆ పెళ్ళిలో మొదటి బంతి అంటే ఆయనొక్కరే. జనం చుట్టూ నిలబడి, తాళి కట్టేటప్పుడు కూడా చూపని శ్రద్ధతో ఆయన నోటి వైపు చూశారు. ఫోన్లు పైకి లేచాయి. పప్పు, కూర, పులిహోర అయ్యాయి. ఉలవచారు పోసి పైన మీగడ వేసేసరికి హాలంతా చప్పుడు ఆగిపోయింది. ఆయన తిన్నారు, మజ్జిగ దాకా వచ్చి బ్రేవుమన్నారు. ఆ త్రేన్పు కోసమే కాచుకున్నట్టు జనం కుర్చీల మీద పడ్డారు.

అక్కణ్ణుంచి ఆయన లేనిదే సుందరి చేతి పెళ్ళి లేదు. హాలు బయట ఫ్లెక్సీలో వధూవరుల బొమ్మ కింద 'మొదటి బంతి: ప్రముఖ రచయిత' అని ఆయన ఫొటో కూడా వేశారు. కిళ్ళీల బల్ల పక్కన పుస్తకాలు కూడా అమ్ముడుపోయాయి. ఒకాయన సంతకం చేయించుకుంటూ, "మీరింకా బతికే ఉన్నారేంటి సార్, తొమ్మిదో అధ్యాయం చదివాక మాకు వేరే ఆశలున్నాయి," అని నిష్ఠూరంగా అన్నాడు.

మొదట్లో ఆయన గొప్ప కోసం వెళ్ళారు, తరవాత మీగడ కోసం వెళ్ళారు. రానురాను ఆ మనిషి కోసం వెళ్ళడం మొదలుపెట్టారు. డేగిసాల మధ్య తెల్లవారుజాము నుంచీ నిలబడి, ఆయన మొదటి ముద్ద మింగేదాకా గరిటె పట్టుకుని ఊపిరి బిగబట్టే సుందరిని చూసి, ఆ ముద్ద గబగబా కలిపి మింగేసేవారు. మాస్టారూ అనడం మానేసి ఆవిడ బాబాయ్‌గారూ అని పిలవసాగింది. ఆ పిలుపు విన్నప్పుడల్లా పేపర్లో వేయించాలనుకునేవారు. శాలువా కప్పించుకున్నాక వేయిద్దామనుకున్నారు. కప్పారు. ఆయన వేయించలేదు.

ఈలోగా బొజ్జ పెరిగింది, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. "ఆ మీగడ తగ్గించండి," అని శాంభవి పోరుతూనే ఉంది. మీగడ వద్దంటే ఉలవచారుకు భయపడ్డాడని జనం అనుకుంటారని ఆయన వాదన. చెప్పుకుంటే అదీ నిజమే.

చివరికి జంక్షన్‌లోనే ఒక రైసుమిల్లు యజమాని కూతురి పెళ్ళి వచ్చింది. ఊళ్ళో పదిమందీ ఆ యజమానిని చూసి నడుచుకుంటారు. "ఈ ఒక్కటి గట్టెక్కితే ఇంక మీకు శ్రమ ఇవ్వనండి బాబాయ్‌గారూ. వీళ్ళింట్లో తిన్నాక, ముందు మీకు పెట్టి చూపించమని జంక్షన్‌లో నన్నెవరూ అడగరు. ఇది పోతే మటుకు డేగిసాలు అమ్ముకోవడమే," అంది సుందరి. ఆ రోజు శాంభవి కూడా వెంట వెళ్ళింది.

ఉలవచారు రెండో గరిటె పడ్డాక నొప్పి మొదలైంది. రొమ్ము మీద ఎవరో మోకాలు పెట్టి కూర్చున్నట్టుంది. ఎడమ చెయ్యి లాగేస్తోంది, వీపంతా చెమట. కృష్ణారావుగారికి విషయం అర్థమైంది. ఈ విస్తరి మీద తాను ఒరిగితే కొలెస్ట్రాల్ గురించి ఎవరూ మాట్లాడరు. పన్నెండో చావని రాసుకుంటారు, ఈసారి కళ్ళారా చూశామని కూడా రాసుకుంటారు. ఆయనకు చచ్చేంత భయం వేసింది. ఆ భయంలోనే ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడ్డ సుందరి కనబడింది. ఆయన నవ్వి, "ఇంకాస్త వెయ్యమ్మా," అన్నారు.

అది కూడా తిన్నారు. మజ్జిగ తాగారు, ఆకు మడిచారు, లేచి నడిచి చెయ్యి కడుక్కున్నారు. హాలు గేటు దాటాక శాంభవి భుజం పట్టుకుని, "ఆటో పిలువు," అన్నారు.

పెళ్ళికూతురి మేనమామ సురేష్ మాత్రం ఆయన్ను మొదట్నుంచీ కనిపెట్టుకునే ఉన్నాడు. ఆటో వెనకే బైకు మీద ఆస్పత్రికి వచ్చాడు, ఫోన్లో పెళ్ళికూతురి తండ్రి ఉన్నాడు. అక్కడ హాల్లో రెండో బంతి విస్తళ్ళ ముందు చేతులు కట్టుకుని కూర్చుందట. ఆస్పత్రి నుంచి కబురొస్తేనే ముద్ద ఎత్తుతారట.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ పేరు ఏంజెల్. ఈసీజీ కాగితం చూసి, గుండెపోటేనని, విజయవాడ తీసుకెళ్ళాలని చెప్పింది. తరవాత ఆయన మొహం పరకాయించి చూసింది. ఆవిడా పుస్తకం చదివింది.

"నొప్పి ఎప్పుడు మొదలైంది సార్? ఏం తిన్నాక?"

సురేష్ ఫోను పట్టుకుని దగ్గరికి జరిగాడు.

తొమ్మిదో అధ్యాయం అబద్ధమని చెప్పేద్దామా అనుకున్నారు కృష్ణారావుగారు. ఉలవచారు తిని, రొమ్ము పట్టుకుని పడుకున్నవాడు ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు? నమ్మేరోజుల్లో ఆయన చెప్పలేదు.

"పొద్దున్నే... ఇంట్లో టిఫిన్ తింటున్నప్పుడే," అన్నారు.

పెళ్ళి ఉన్న రోజున ఆయన ఇంట్లో మంచినీళ్ళు తప్ప ముట్టరు. ఆ సంగతి తెలిసింది శాంభవి ఒక్కదానికే. ఏంజెల్ ఆవిడ వైపు తిరిగింది. ముప్ఫై ఏళ్ళు బడిలో దొంగలెక్కలు పట్టుకున్న శాంభవి, చెంగు భుజం మీదకు లాక్కుంది.

"పెసరట్టు. నేనే చేసి పెట్టాను."

"అప్పుడు నొప్పన్నారా?"

"అన్నారండీ. నేనే పట్టించుకోలేదు."

సురేష్ ఫోన్లో గొంతు తగ్గించాననే అనుకున్నాడు. "బావా, ఉలవచారు కాదంట. వాళ్ళావిడ పెసరట్టంట. పొద్దున అదేదో పెట్టిందంటలే. మనోళ్ళని తినమను." ఫోన్లోంచి కుర్చీలు జరిగిన చప్పుడు, వడ్డన కేకలు గదిలోకి వినిపించాయి. సుందరి గండం గడిచింది.

ఏంజెల్ మాత్రలు తీసి ఆయన చేతిలో పెట్టింది. శాంభవి సంచిలోంచి నీళ్ళ సీసా తీసి మూత తిప్పబోయింది.

"వద్దు మేడం. నీళ్ళు మేమిస్తాంగా," అంది ఏంజెల్, ఎంతో మర్యాదగా. నర్సు వచ్చి సీసాకూ మంచానికీ మధ్య నిలబడింది.

ఆ మర్యాద ఎలాంటిదో కృష్ణారావుగారికి తెలుసు. తన పుస్తకం చదివినవాళ్ళంతా సుందరితో మాట్లాడిన మర్యాద అది. మా ఆవిడ ఏమీ పెట్టలేదండీ అని ఒక్క మాట అంటే చాలు. అంటే అక్కడ రెండో బంతి మొత్తం లేచి నిలబడుతుంది. ఆయనకు కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

"శాంభవీ, ఆ సీసా ఇలా ఇవ్వు. నేనవే తాగుతాను," అన్నారు.

శాంభవి సీసా మూత బిగించి, ఒళ్ళో పెట్టుకుని, గోడ పక్క బెంచీ మీద కూర్చుంది.

"పోనీలెండి," అంది. "వాళ్ళు ఇచ్చినవే తాగండి."