క్వారీ దారిలో రివర్స్

ఎర్రగుంట్ల దాటి నాపరాళ్ల క్వారీకి పోయే దారి ఒక్క లారీ పట్టేంతే. ఒకవైపు గుట్ట, ఒకవైపు పాత క్వారీ గుంత. మధ్యాహ్నం ఆ దారికి నరసన్న జీపు అడ్డం పెట్టాడు. పక్కన సుంకన్న. ఇద్దరి చేతుల్లోనూ వేటకొడవళ్లు.

"ఈ క్వారీ లోడు ఇంక మాది. రివర్స్ పో," అన్నాడు నరసన్న.

ఎదురుగా ఆగిన లారీలో ఓబుళేశు స్టీరింగు వదల్లేదు. పక్కన అతని బామ్మర్ది వీరభద్ర. కల్లూరులో ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు. బడి మూతపడ్డాక బావ లారీకి క్లీనరుగా వచ్చాడు.

"ఆ మాట లాటిన్‌లోది బావా," అన్నాడు వీరభద్ర. "రె అంటే ఎనక్కి. వెర్టెరె అంటే తిరగడం. మోటారు బండ్లు లేనప్పటి మాట. మనిషి ఎనక్కి తిరగడానికి చెప్పేటోళ్లు. ఓడిపోయినా ఇంగ్లీషోళ్లు రివర్సే అంటారు. పోవద్దు."

"ఓడినాననే రాసుకో. మీ అక్క తాళి నిలబడితే చాలు. దిగి ఎనక చూడుపో, పంతులూ."

వీరభద్ర దిగి లారీ వెనక్కి పోయాడు. క్లీనరు బాడీ మీద రెండు దెబ్బలు కొడితే రావచ్చని, ఒకటి కొడితే ఆగమని. రెండు దెబ్బలు పడ్డాయి. ఓబుళేశు రివర్స్ వేశాడు. సుంకన్న నడుచుకుంటూ వచ్చి కుడి అద్దం పగలగొట్టాడు.

"పోనీ పోనీ, శానా బాగా పోతాండావు," అంటూ లారీ వెనక్కి పోయాడు.

మళ్లీ రెండు దెబ్బలు. తర్వాత వరస లేకుండా దెబ్బలు. ఆపైన వీరభద్ర కేక: "బావా, రావద్దు!"

ఓబుళేశు బ్రేకు తొక్కాడు.

"ఆగితివేమిరా? పో!" జీపుకు ఆనుకొని అరిచాడు నరసన్న. "నీ క్లీనరే లారీ కింద పడినాడని మేమే చెప్తాంలే."

ఓబుళేశు గేరు మార్చాడు. లారీ ముందుకు దూకింది. జీపుకూ బంపరుకూ మధ్య నరసన్న నడుము నలిగింది.

జాకీ రాడ్డు తీసుకొని ఓబుళేశు దిగాడు. వెనక వీరభద్ర రొమ్ము మీద సుంకన్న మోకాలు పెట్టి ఉన్నాడు. మొదటి దెబ్బకు సుంకన్న దవడ విరిగింది. రెండో దెబ్బకు పడ్డాడు. మూడోది అవసరం లేదు. కొట్టాడు.

వీరభద్ర కుడిచెయ్యి మణికట్టు దగ్గర తోలుకు వేలాడుతోంది. ఓబుళేశు తువ్వాలు బిగించి కట్టి, మోసుకొచ్చి క్యాబిన్లో కూర్చోబెట్టాడు. ఆసుపత్రి ఎర్రగుంట్లలో, వెనకవైపు. లారీ తిప్పే చోటు లేదు.

రివర్స్ వేశాడు. బంపరు వదిలేసరికి నరసన్న కిందికి జారాడు. లేవలేదు. ఓబుళేశు తలుపు తెరిచి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకొని, బయటికి వంగి వెనక్కి చూశాడు. సుంకన్న దారికి అడ్డంగా పడి మూలుగుతున్నాడు. లారీ ఆగింది.

"ఏమి బావా, ఆగినావు?"

తువ్వాలు నుంచి నెత్తురు సీటు మీద కారుతోంది.

"ఏమీ లేదప్పా. కండ్లు మూసుకో," అని ఓబుళేశు క్లచ్చు వదిలాడు.