అమ్మకానికి పెట్టని బొంత

మంచి మొగుడితో వచ్చిన చిక్కేమిటంటే, అతని మీద ఎవరితోనూ చెప్పుకోలేం. భరద్వాజ్ అలాంటి మొగుడు. తాగడు, అరవడు. కెనడాలో వాళ్లుండే మిల్టన్‌లో ఏ తెలుగువాళ్లు ఇల్లు మారినా తన వ్యాన్ తీసుకుని అందరికంటే ముందుంటాడు. ఎముక లేని చెయ్యి అని స్నేహితులు తెగ మెచ్చుకుంటారు. ఆ చెయ్యి ఇచ్చేవాటిలో సగం తనవేనని మృదుల ఎవరికి చెబుతుంది? చెప్పినా, “అదృష్టవంతురాలివి, ఇంకేం కావాలే నీకు” అంటారు. అందుకని చెప్పడం మానేసి చాలాకాలమైంది.

బొంతల వ్యాపారం కూడా ఆ మంచితనంలోంచి పుట్టిందే. రెండేళ్ల కిందట మృదుల ఎనిమిదో నెలలో బిడ్డను పోగొట్టుకుంది. ఆడపిల్ల. ఆస్పత్రి నుంచి వచ్చాక, సూట్‌కేసుల్లో తెచ్చుకుని కట్టకుండా వదిలేసిన నూలు చీరలన్నీ ముందేసుకుని కూర్చుంది. పొర మీద పొర పరిచి, చిన్న చిన్న కుట్లు వేస్తూ బొంతలు కుట్టింది. చేతులు ఆడుతున్నంతసేపూ బుర్ర కాస్త ఊరుకునేది, అంతకుమించి ఏమీ లేదు. భరద్వాజ్ మాత్రం భార్య తేరుకుంటోందని సంబరపడిపోయాడు. ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాడు. ‘మృదూస్ బొంతాస్’ అని పేరు కూడా పెట్టాడు. ఆ పేరు చూసి ఆమె ఫోన్ బోర్లా పెట్టేసింది.

ఆర్డర్లు వచ్చిపడ్డాయి. సీమంతాలకి, బారసాలలకి, ఏజాక్స్‌లో ఎవరో ఆంటీ మనవడికి. అన్నిటికీ అతనే ఒప్పుకున్నాడు. “నువ్వు కాదనవని తెలుసులే” అనేవాడు ముద్దుగా. నిజమే, ఆమె కాదనలేదు. అంత సంతోషంగా ఉన్న మనిషి మొహం మీద కాదని ఎలా అంటుంది? చెడ్డవాడైతే పోట్లాడి పుట్టింటికైనా పోవచ్చు. మంచివాడి చేతిలో చిక్కితే దారే ఉండదు. మనసు ఊరుకోబెట్టుకోవడానికి పట్టుకున్న సూది, ఇప్పుడు మనసున్నా లేకపోయినా పట్టుకోవలసిన సూది అయింది.

ఇప్పుడీ సంత ఒకటి. గ్వెల్ఫ్‌లో ఏటా నవంబరులో ఒక పెద్ద హాల్లో చేతిపనుల సంత జరుగుతుంది. దాన్ని మొదలుపెట్టింది మిచికో గారనే జపాన్ ఆవిడ. ఆవిడ పుట్టిన ఊళ్లో ఏటా జరిగే ఇలాంటి సంతకు చిన్నప్పుడు వాళ్ల నాన్న తీసుకెళ్లేవాడట. అక్కడి పద్ధతే ఇక్కడా పెట్టింది. వస్తువు చేసిన మనిషి రోజంతా తన బల్ల దగ్గరే కూర్చోవాలి. కొన్నవాళ్లకి చేసినవాళ్లే, తమ రెండు చేతులతో అందించాలి. బేరాలు లేవు, మధ్యలో వేరే మనిషి లేడు. భరద్వాజ్ దీనికీ ఆమెను అడగకుండానే అప్లై చేసి, బల్ల దొరికాక కేక్ తెచ్చి మరీ చెప్పాడు.

వాళ్ల బల్ల గోడవారన వచ్చింది. అటు కుండలవాళ్ల బల్ల, ఇటు కొవ్వొత్తులవాళ్ల బల్ల, మూడూ అంటుకునే ఉన్నాయి. వెనక గోడ. ఒకసారి లోపల కూర్చుంటే బయటికి రావడానికి బల్ల కింద దూరడమే మార్గం. మృదుల పొద్దున్నే అలా దూరి లోపలికెళ్లి కుర్చీలో కూర్చుంది. భరద్వాజ్ బయట నిలబడి వచ్చేపోయేవాళ్లను పలకరిస్తూ, ఇంగ్లీషులో బొంత చరిత్ర చెబుతూ వెలిగిపోతున్నాడు. మధ్యమధ్యలో వెనక్కి తిరిగి, “షీ ఈజ్ ద ఆర్టిస్ట్” అని చెయ్యి చూపించేవాడు. చూపించినప్పుడల్లా ఆమె నవ్వేది. మధ్యాహ్నానికి నవ్వీ నవ్వీ దవడలు నొప్పెట్టాయి.

అప్పుడు అతను వ్యాన్‌లో మిగిలిన ఆఖరి ప్లాస్టిక్ డబ్బా తెచ్చి విప్పాడు. అందులోంచి తీసి బల్ల చివర పరిచిన బొంతను చూసి మృదులకు ఊపిరాడలేదు.

అది ఆకుపచ్చ అంచున్న మంగళగిరి చీరతో కుట్టిన చిన్న బొంత. మిగతావాటిలా తర్వాత కుట్టింది కాదు. బిడ్డ కడుపులో ఉండగా కుట్టింది. నెలలు నిండకముందే బిడ్డ కోసం ఏదీ కొనకూడదు, కుట్టకూడదు అని తెలిసి కూడా, లోపల పిల్ల కాళ్లతో తన్నుతుంటే ఆగలేక కుట్టేసింది. అంతా అయిపోయాక ఫోన్లో పిన్ని, “ముందే కుట్టకూడదని తెలీదా అమ్మా నీకు” అంది. పిన్ని ఆ మాట అని మరిచిపోయి ఉంటుంది. మృదుల ఆ మాటను మోస్తూనే ఉంది. బొంతను అల్మారాలో అన్నిటికంటే అడుగున, దుప్పట్ల కింద దాచింది. భరద్వాజ్ ఇంట్లో లేనప్పుడు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

“అదెందుకు తెచ్చావ్?” అంది, గొంతు తగ్గించి.

“ఏది? ఓ, అదా. ఊరికే డిస్‌ప్లేకిలే. ఉండనీ.” అతను ఆమె మొహంలోకి చూడలేదు. ఇంతలో ఎవరో ధర అడిగితే అటు తిరిగిపోయాడు.

మృదుల చెయ్యి చాపింది. బొంత బల్ల అవతలి కొసన ఉంది, అందలేదు. లేచి వంగితే పక్కనున్న కొవ్వొత్తులు పడతాయి. కుట్టడానికి పెట్టుకున్న గుడ్డ చేతిలోనే ఉంది, సూది ఎక్కడ దింపాలో తెలియడం లేదు. దాన్ని లోపలికి తియ్యమని మళ్లీ చెబుదామనుకునేసరికి తెలుగు మాటలు వినిపించాయి.

“అమ్మా, జర ఇటు చూడు! మన బొంతలే!”

నిండుగా ఉన్న అమ్మాయి. ఏడో నెలో, ఎనిమిదో. వెనకాల స్వెటర్ మీద కొంగు కప్పుకుని తల్లి వస్తోంది. భరద్వాజ్‌కి తెలుగువాళ్లు కనబడితే ఇక చెప్పాలా? క్షణంలో వివరాలన్నీ రాబట్టేశాడు. అమ్మాయి పేరు నిఖిల, కరీంనగర్ వాళ్లు, గ్వెల్ఫ్‌లోనే చదివి ఇక్కడే ఉద్యోగం. తల్లి ఈశ్వరమ్మ కాన్పు కోసం మొన్ననే దిగింది.

నిఖిల బల్ల మీదున్న బొంతలన్నీ తడుముకుంటూ వచ్చి, ఆకుపచ్చ అంచు దాని దగ్గర ఆగిపోయింది. చెంపకు ఆనించుకుంది.

“ఇది ఎంత మెత్తగున్నదో చూడమ్మా. అక్కా, ఇది నాకు కావాలె.”

“పుట్టకముందు కొనద్దు బిడ్డా,” అంది ఈశ్వరమ్మ. “కాన్పయినంక వచ్చి కొనుక్కుందాం. ముందుగాల ఏం కొనద్దు.”

మృదుల ప్రాణం లేచొచ్చింది. ఆ పెద్దావిడకు దండం పెట్టాలనిపించింది. కానీ భరద్వాజ్ ఉన్నాడుగా, ఎవరి కోరికా తీరకుండా పోనివ్వడు.

“కొనకూడదు, అంతే కదా ఆంటీ? కొనొద్దు. మేం ఇస్తున్నాం. చెల్లెలికి పుట్టింటి సారె అనుకోండి. డబ్బులు తీసుకుంటే కదా దోషం!”

ఈశ్వరమ్మ ఆలోచించింది. ఇస్తే పుచ్చుకోకూడదని ఏ పెద్దలూ చెప్పలేదు. ఆవిడ మొహం విప్పారింది. “నీ కడుపు సల్లగుండ కొడుకా” అంది.

భరద్వాజ్ బొంత మడిచి నిఖిలకు ఇవ్వబోయాడు. ఆ పక్కనే తిరుగుతున్న మిచికో గారు నవ్వుతూ వేలు ఊపింది. చేసినవాళ్లే ఇవ్వాలి కదా. అతను నాలుక కరుచుకుని, బొంతను తెచ్చి మృదుల చేతుల్లో పెట్టాడు.

అందరూ ఆమెకేసే చూస్తున్నారు. నిఖిల చేతులు చాపి నిలబడింది. మృదులకు ఒళ్లంతా మండిపోతోంది. ఇవ్వనంటే ఎందుకివ్వవని అడుగుతారు. ఎందుకో చెబితే, కడుపుతో ఉన్న పిల్ల ఎదురుగా చచ్చిపోయిన బిడ్డ ఊసెత్తినట్టవుతుంది. ఆ తల్లి గుండె ఆగిపోతుంది. చెప్పకుండా ఇచ్చేస్తే, ఆ బొంత మీద రేపు ఇంకో బిడ్డ పడుకుంటుంది, ఆ సంగతి తెలిసిన మనిషి తానొక్కతే ఉంటుంది. ఆ పిల్లకు ఏ చిన్న జ్వరమొచ్చినా తన వల్లేనని చచ్చేదాకా అనుకుంటుంది. ఎటు చూసినా గోడే. మొహమాటం మాత్రం ఎప్పటిలాగే తన పని తాను చేసుకుపోయింది. మృదుల రెండు చేతులతో బొంతను అందించింది. పైగా, “జాగ్రత్తమ్మా” అని కూడా అంది.

తల్లీకూతుళ్లు వెళ్లిపోయారు. భరద్వాజ్ పొంగిపోతూ, “చూశావా ఎంత హ్యాపీగా ఫీలయ్యారో” అన్నాడు. ఎవరో ముసలాయన కుట్టు ఎలా వేస్తారో చూపించమని అడిగాడు. మృదుల సూది ఎత్తింది. దారం కనిపించడం లేదు. ఇక్కడే, ఈ గోడకీ ఈ బల్లకీ మధ్యే, సాయంత్రం దాకా కాదు, బతుకంతా నవ్వుతూ కూర్చోవాలేమో అని భయం పుట్టింది. నిజమైన భయం, ఒళ్లు చల్లబడిపోయేంత.

సూదిని గుడ్డకు గుచ్చి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని బల్ల కింద దూరింది.

“మృదూ! ఎక్కడికి? బల్ల వదలకూడదు!” భరద్వాజ్ కేకకు నాలుగు బల్లలవాళ్లు తిరిగి చూశారు. ఆమె ఆగలేదు. కోటు కూడా వేసుకోకుండా పార్కింగ్‌లోకి పరుగెత్తింది. సన్నగా మంచు పడుతోంది. నిఖిల కారు డోరు తీసి తల్లిని ఎక్కిస్తోంది. బొంత ఆమె భుజం మీదే ఉంది.

“నిఖిలా!”

“అరె అక్కా, గింత చలిల...”

“అది నాకిచ్చెయ్ అమ్మా. ఇంకోటి కుట్టి ఇస్తాను. ఎన్ని కావాలంటే అన్ని.” ఆయాసం ఆపుకోలేకపోతోంది. అబద్ధం ఒకటి వెతికింది, దొరకలేదు. “అది మా పాప కోసం కుట్టాను. పాప బతకలేదు.”

ఈశ్వరమ్మ చటుక్కున కారు దిగి కూతురి భుజం మీంచి బొంతను లాగేసింది. “కడుపుతోనున్న పిల్లకు గసొంటిది ఇస్తరా? మీకు ఆడబిడ్డ ఉసురు తాకదా?” ఆ తిట్టు తనకు న్యాయంగా రావలసిందేనని మృదులకు అనిపించింది. తల వంచుకుని నిలబడింది.

“నేనే ఇచ్చానండీ. ఆమె కాదు.”

భరద్వాజ్. పరుగెత్తుకొచ్చి రొప్పుతున్నాడు.

“అది ఏ బొంతో నీకు తెలుసా?” అంది మృదుల.

“తెలుసు.” అతను మంచు కేసి చూస్తూ అన్నాడు. “నేను లేనప్పుడు దాన్ని తీసుకుని కూర్చుంటావని కూడా తెలుసు. ఎవరో ఒక బిడ్డ దాని మీద పడుకుంటే నీకు మంచిదనిపించింది. నాకూ మంచిదనిపించింది. నిన్ను అడిగితే ఏడుస్తావని అడగలేదు.”

“ఏడవనివ్వచ్చు కదరా నన్ను!” అని అరిచింది. మొగుణ్ణి రా అనడం అదే మొదలు. “రెండేళ్లయింది. నేను నోరు తెరిచినప్పుడల్లా నువ్వు ఏదో ఒకటి ఇచ్చి మూసేస్తావ్. ఊపిరాడటం లేదు నాకు నీ మంచితనంతో!”

భరద్వాజ్ ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు.

నిఖిల తల్లి చేతిలోంచి బొంత తీసుకుంది. మీద పడిన మంచు దులిపి, కారు బానెట్ మీద పెట్టి అంచుకు అంచు కలిపి మడిచింది. తల్లి వారిస్తున్నా వినకుండా వచ్చి రెండు చేతులతో మృదులకు ఇచ్చింది.

“పాప పేరేందక్కా?”

ఆస్పత్రిలో నర్సు అడిగాక ఇంకెవరూ ఆ మాట అడగలేదు. అప్పుడు మృదుల నోరు తెరిచేలోపే భరద్వాజ్ “నో నేమ్” అనేశాడు, ఆమెకు కష్టం తప్పిద్దామని. ఇప్పుడూ ఆమె నోరు తెరిచేలోపే అతనే అన్నాడు.

“వెన్నెల.”

మృదుల అతన్ని తేరిపార చూసింది. ఈ మనిషి పాపను ఎప్పుడో మరిచిపోయాడనుకుంది. మరిచిపోయి, వ్యాన్లూ వాట్సాప్‌లూ పెట్టుకుని తిరుగుతున్నాడనుకుంది. “ఎప్పుడు పెట్టావ్?”

“ఆ రోజే. నర్సుకి లేదని చెప్పి బయటికొచ్చాక. వ్యాన్‌లో ఒక్కణ్ణే ఉన్నప్పుడు పిలుస్తుంటాను.”

“నేను పెట్టింది అది కాదు,” అంది మృదుల.

ఏదో సర్దిచెప్పడానికి అతని నోరు అలవాటుగా తెరుచుకుంది. మళ్లీ మూసుకుంది. ఈశ్వరమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ కారుకు ఆనుకుని నిలబడింది. మంచు భరద్వాజ్ జుట్టు మీద పడుతోంది, దులుపుకోవడం లేదు.

“ఏం పెట్టావ్?” అని అడిగాడు. అడిగి, ఆగాడు.

“అలివేలు.”

ఆ పేరు పైకి అనడం ఆమెకు అదే మొదటిసారి. అనగానే ఏడుపు ముంచుకొచ్చింది, పార్కింగ్ అంతా వినబడేటంత ఏడుపు. భరద్వాజ్ ఆపలేదు. ఏమీ ఇవ్వలేదు. పక్కన నిలబడి, “అలివేలు” అని తనూ ఒకసారి మెల్లగా పలికి చూశాడు.