అల్లుడు వేసిన రంగు

అత్తగారింట్లో తిరుమలరావుకి ఒక కుర్చీ ఉంది. ఆయన వస్తున్నాడని తెలియగానే అది అటక మీంచి దిగుతుంది, ఆయన బస్సెక్కగానే మళ్ళీ అటక ఎక్కుతుంది. స్టీల్ ప్లాంటులో షిఫ్టంతా ఫర్నేసు సెగలో నిలబడి పనిచేసే మనిషి, ఎలమంచిలి దాటి పనసలపాలెంలో అడుగుపెట్టాడంటే మంచినీళ్ళ గ్లాసు కూడా తనంతట తాను ముంచుకోకూడని పెద్దమనిషి అయిపోతాడు.

అత్తగారు నారాయణమ్మ ఇంతవరకూ ఆయన ఎదట పడి మాట్లాడింది లేదు. తలుపు చాటున నిలబడి కూతురితో చెబుతుంది, "ఒలే జ్యోతీ, బాబుగారికి ఇంకొంచెం పులుసెయ్యే" అని. బాబుగారు ఆ తలుపుకి ఇవతలే, కంచం ముందు కూర్చుని వింటూనే ఉంటాడు. పిల్లలు కాలేజీకొచ్చారు గానీ ఈ తలుపు మాత్రం తొలగలేదు.

తిరుమలరావుకి తల్లి చిన్నప్పుడే పోయింది. ఈ మర్యాదతో ఆయనకి కడుపు నిండేది కాదు. నారాయణమ్మ కూతుర్ని నోటికొచ్చినట్టు తిడుతుంటే విని, అందులో నా వాటా ఏదీ అనుకునేవాడు. ఇంత వయసొచ్చి తిట్ల కోసం మొహం వాచిపోయానని చెప్పుకుంటే జనం నవ్వరూ? అందుకని భార్య దగ్గర కూడా ఎత్తలేదు.

ఈ ఏడు ఆ ఊళ్ళో పాతిళ్ళ పండగ పెట్టారు. విశాఖపట్నంలో పాత ఇళ్ళని బాగుచేయించే ఫ్లోరా అనే ఇంజినీరమ్మ పూనుకుని, ఊళ్ళో మిగిలిన మండువా లోగిళ్ళూ పెంకుటిళ్ళూ పెరటి తోటలూ అన్నీ తిరిగి చూసి, ఆదివారం నాడు బస్సుల్లో పట్నం జనాన్ని తెస్తానంది. ఆఖరి మజిలీ నారాయణమ్మ చుట్టిల్లు. మట్టిగోడ, తాటాకు కప్పు, వాకిట్లో చిక్కుడు పందిరి. అన్నిటికంటే ముఖ్యం గోడ మీద బొమ్మలు. ఎర్రమట్టి పూసిన గోడ మీద నారాయణమ్మ ఏటేటా సున్నంతో తాటిచెట్లూ చేపలూ పడవలూ వేస్తుంది. ఎలమంచిలి స్టేషన్లో చూసిన రైలుబండిని కూడా తెచ్చి ఆ చేపల మధ్య పెట్టింది. భోజనాలు కూడా అక్కడే.

శనివారం తల్లీకూతుళ్ళు సరుకులకని ఎలమంచిలి వెళ్ళారు. తిరుమలరావు కుర్చీలో కూర్చుని గోడ చూశాడు. సున్నం వెలిసిపోయింది. చేపలకి తోకల్లేవు, రైలుకి చక్రాల్లేవు. పట్నం నుంచి అంతమంది వస్తూంటే ఇదేం గోడ? తాముండే గోపాలపట్నంలో ఇంటికి రంగు వెయ్యకుండా ఎవరూ శుభలేఖ కూడా పంచరు. పక్కింటి వీరేంద్ర బండి అడిగి తీసుకెళ్ళి రెండు డబ్బాల ఆయిల్ పెయింట్ తెచ్చాడు. ఆకాశం రంగు. ఇక ఆ కుర్చీలో కూర్చుంటే ఒట్టు. పాత బొమ్మలన్నీ మునిగేలా గోడంతా పూసేశాడు. పెళ్ళయ్యాక ఆ ఇంట్లో ఆయన చేసిన మొదటి పని అది, ఈల వేసుకుంటూ మరీ చేశాడు.

సాయంత్రం కాకుండానే వాళ్ళొచ్చారు. జ్యోతిర్మయి చేతిలో సంచీ జారిపోయింది. నారాయణమ్మ గోడని ఒక్కసారి చూసి, కొంగు తలమీదికి లాక్కుని లోపలికి పోయింది. తలుపు చాటు నుంచి మాట వినిపించింది.

"బాగుందని సెప్పే. ఎండలో కట్టపడ్డారు బాబుగారు, మజ్జిగియ్యి."

తిరుమలరావు మురిసిపోయి మజ్జిగ అందుకున్నాడు. జ్యోతిర్మయి ఆయన చెవి దగ్గరికొచ్చి, "ఏం పని చేశారండీ! వాళ్ళొచ్చేదే ఆ బొమ్మల కోసం. రేపు అందరి ముందూ కొత్తగా దిద్దుదామని సున్నం కూడా నానేసుకుంది అమ్మ" అంది. ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు.

అంతలో ఏర్పాట్లు చూసుకుందామని ఫ్లోరా వచ్చింది. నీలంగా నిగనిగలాడుతున్న గోడని చూసి ఆ పిల్లకి ఏడుపొక్కటే తక్కువ.

"ఎవరండీ ఈ రంగు వేసింది?"

తిరుమలరావు నోరు తెరిచేలోపల నారాయణమ్మ గుమ్మం దాకా వచ్చింది. "నానే ఏయించానమ్మా. ముసల్దాన్ని, నాకేటి తెలుత్తాది?"

"బొమ్మలు లేకపోతే ఏం చూపించను మామ్మగారూ? రేపు బస్సుల్ని వీరేంద్ర గారింటి దగ్గరే ఆపేస్తాను. వంట మాత్రం అక్కడికి పంపించండి," అంది ఫ్లోరా. నారాయణమ్మ సరేనని తలూపింది. కళ్ళు మాత్రం నానేసిన సున్నం కుండ మీదే ఉన్నాయి.

అల్లుడి పరువు నిలబెట్టడానికి ఆవిడ తన పండగనే వదిలేసుకుంది. తిరుమలరావుకి తల కొట్టేసినట్టయింది. "ఆవిడ కాదండీ, నానే ఏసాను," అని వీధి వీధంతా వినబడేలా అని, కుర్చీని పక్కకి తన్నేసి, పెరట్లో గడ్డి తీసే బొరిగ పట్టుకొచ్చి గోడ మీద పడ్డాడు. రంగుతో పాటు మట్టి పెళ్ళలు పెళ్ళలుగా ఊడొచ్చింది. జనం పోగయ్యారు.

"ఏటి బావా, ఏసిందీ నువ్వే, పీకేదీ నువ్వేనా?" అన్నాడు వీరేంద్ర.

ఆయన వినిపించుకోలేదు, ఇంకో వేటు వేశాడు. కొబ్బరికాయంత బెడ్డ ఊడి కిందపడింది.

"ఆపు!"

నారాయణమ్మ తలుపు దాటి వాకిట్లోకి వచ్చేసింది. కొంగు తలమీంచి జారిపోయినా ఆవిడకి తెలియలేదు.

"గోడని సంపేత్తావేటి? గోకుతన్నావా, నుయ్యి తవ్వుతన్నావా? నీకసలు బుర్రుందా? రంగేసేముందు ఒక్క మాట అడిగావా? మా మావ తొక్కిన మట్టిది! ఎవుడెయ్యమన్నాడు నిన్నీ దిక్కుమాలిన రంగు?"

జ్యోతిర్మయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నారాయణమ్మకి కూడా ఎవర్ని తిడుతోందో అప్పుడు తెలిసొచ్చింది. కానీ అంతదూరం వచ్చిన నోరు వెనక్కి పోతుందా?

"సూత్తావేటలాగ? పొద్దోలిపోతంది. లుంగీ ఎగ్గట్టి మట్టి తొక్కు!"

తిరుమలరావు మట్టి తవ్వి పోసి, గడ్డి తరిగి కలిపి, నీళ్ళు కొట్టి తొక్కాడు. అల్లుడు మోకాళ్ళ దాకా మట్టిలో దిగడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. వీరేంద్రకి మనసొప్పక, "దిగు బావా, నాను తొక్కుతాను" అన్నాడు.

"నువ్వవతలకి పో బావా. తిట్టింది నన్ను, నిన్ను కాదు."

నీళ్ళెక్కువయ్యాయని తిట్టింది, గడ్డి చాలలేదని తిట్టింది, చెయ్యి చురుగ్గా ఆడటం లేదని తిట్టింది. ఆయన మొహం మాత్రం దీపం పెట్టినట్టుంది. చీకటి పడేసరికి సగం గోడే అయింది.

పొద్దున్నే ఫ్లోరా వచ్చి చూసింది. సగం ఎరుపు, సగం నీలం. ఎర్రటి తడి మీద నారాయణమ్మ అప్పుడే సున్నంతో రైలుపెట్టె మొదలుపెట్టింది. ఫ్లోరా బస్సులకి ఫోన్ చేసి ఇక్కడికే రమ్మంది.

జనం కప్పు కింద వంగి వంగి లోపలికెళ్ళి చల్లదనానికి ఆశ్చర్యపోయారు, చిక్కుడు పందిరి కింద చాపల మీద కూర్చుని రైలుకి చక్రాలు రావడం చూశారు. ఎండు నెత్తళ్ళ చేపలేసిన వంకాయ కూర, పనసపొట్టు, ఉలవల పులుసు అడిగి మరీ వేయించుకున్నారు. తిరుమలరావు నీళ్ళు మోశాడు, విస్తళ్ళు వేశాడు. మోకాళ్ళనొప్పులావిడ ఎవరో వస్తే తన కుర్చీ తెచ్చి వేశాడు.

"ఆ నీలం రంగేంటండీ?" అని అడిగిందావిడ.

"అదా? మా అల్లుడేసాడమ్మా. తొందరెక్కువ, తెలివి తక్కువ. వచ్చే వారం గీకించేత్తాను," అంది నారాయణమ్మ చక్రం గీస్తూ. చెప్పడం తిట్టినట్టే ఉంది గానీ, అందరికీ వినపడేలా చెప్పింది.

బస్సులు వెళ్ళిపోయాక చూస్తే గిన్నెలన్నీ ఖాళీ. ఆ ఇంట్లో ఎప్పుడూ మొదటి కంచం తిరుమలరావుదే. ఆ రోజు ఆయన్ని పిలవడం ఎవరికీ గుర్తులేదు. పొయ్యి పక్కన కింద చతికిలబడ్డాడు. నారాయణమ్మ అన్నం కుండ అడుగు గోకి, ఆ మాడు తన చేత్తోనే ఆయన కంచంలో పెట్టి, ఇంత ఆవకాయ పడేసింది.

"కూరల్లేవు. సుట్టాలు తిన్నాకే ఇంటోళ్ళు తినేది. తిను."

తిరుమలరావు తలెత్తకుండా తిన్నాడు, తలెత్తితే కళ్ళు కనిపిస్తాయని. అంతా తిని, కంచం తనే కడిగి బోర్లించాడు.