గుండీ ఉన్న సంచి

విచ్చిన పూలన్నీ గిల్లి పారేశాక, గుత్తిలో మిగిలిన మొగ్గలను తిరుమలమ్మ ఒక్కొక్కటిగా వేలి మీదికి వంచుకుంది. చిన్న చిమటాతో మొగ్గ రెక్కలు విప్పి, లోపలి మగ భాగాన్ని తుంచేసింది. ఊపిరి బిగబట్టి చేయాల్సిన పని అది. చిమటా కాస్త పక్కకు జరిగితే ఆడ భాగం నలిగిపోతుంది. ఎండెక్కక ముందే అంతా అయిపోవాలి. ఎండెక్కితే పుప్పొడి రాలి, ఏ పువ్వు దేనితో కలిసిందో దేవుడికి కూడా తెలియదు.

గుత్తికి పల్చటి గుడ్డసంచి తొడిగి, మూతి దారంతో బిగించి, కిందికి చూసింది.

"పట్టుకో పాపా, దిగతాండా."

పాదుల్లో మట్టి కొత్తగా తవ్వి గుల్లగా ఉంది. ఒకరు నిచ్చెన ఎక్కితే ఒకరు కింద పట్టుకునే తీరాలి.

చిత్తూరు నుంచి పూతలపట్టు పోయే దారిలో ఒక గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళ మామిడి తోట అది. తోతాపురి ఏటా విరగకాస్తుంది, రుచి మాత్రం అంతంత. బేనీషా, అదే బంగినపల్లి, రుచిలో రాజు, కానీ ఒక ఏడు కాస్తే మరో ఏడు అలుగుతుంది. రెండింటి గుణమూ ఒకే చెట్టుకు తెప్పించాలని ఫ్యాక్టరీ ల్యాబు నడిపే హేమశ్రీ మేడం తాపత్రయం. తోతాపురి పువ్వుకు బేనీషా పుప్పొడి రాయిస్తుంది. కాసిన కాయ టెంక నాటిస్తుంది. మొలక రాగానే ఆకు తెంపి ల్యాబులో జన్యువులు చూసి, పనికొచ్చేది ఉంచి తక్కినవన్నీ పీకించేస్తుంది. ఆ పీకే రోజున తిరుమలమ్మ తలనొప్పి అని చెప్పి పనికి రాదు.

పుప్పొడి రాసే పనిని కూలీలు జత కట్టడం అంటారు. జత కట్టడానికి బిడ్డ తల్లులే ఉండాలి. మేడం పెట్టిన కట్టడి కాదిది, మేస్త్రమ్మ శకుంతలమ్మది. బిడ్డలు లేని చెయ్యి, బిడ్డను పోగొట్టుకున్న చెయ్యి తగిలితే పిందె నిలవదని ఆమె గట్టి నమ్మకం. అలాంటివాళ్ళ వీపుకు మందు కొట్టే పంపు తగిలించి తోట చివరికి తోలేస్తుంది.

తిరుమలమ్మకు కొడుకున్నాడు. నగరిలో అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడు. పేరు మునిచంద్ర. తోటలో అందరికీ తెలిసింది ఇంతే.

"నీ కొడుకు ఏం జేస్తాండాడు మే?" అని సద్ది తినేటప్పుడు శకుంతలమ్మే అడిగేది.

"ముందరి పండ్లు ఊడినాయంట. నవ్వమంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాండాడంట."

"సూడు సూడు, అప్పుడే రోసం!" అని ఆడవాళ్ళంతా నవ్వేవాళ్ళు. తిరుమలమ్మా నవ్వేది.

మునిచంద్ర పోయి మూడో ఏడు నడుస్తోంది. పొద్దున జ్వరమన్నాడు, మాపటికి ఒళ్ళోనే చల్లబడిపోయాడు. నుదుటి మీద చెయ్యి వేసి చూసి, ఏమీ లేదులే, తగ్గిపోతుందిలే అనుకుంది. పిల్లల జ్వరం దగ్గర తల్లి చేతిని కూడా నమ్మడానికి లేదు. మొగుడు ఆ నెలలోనే మద్రాసు రైలెక్కాడు, మళ్ళీ దిగలేదు. ఆమె ఎవరూ ఎరగని ఈ తోటకు వచ్చిపడింది. నాలుగో ఏట ఆగిపోయిన బిడ్డను సద్ది మూటల దగ్గర మాటలతోనే పెంచుతూ వచ్చింది. పొడుగు చేసింది, బడికి పంపింది, పాలపళ్ళు ఊడగొట్టింది.

ఈసారి పూత విపరీతంగా వచ్చింది, సంచులు చాలలేదు. ఇంట్లో ఉతికిన పల్చటి నూలు గుడ్డ ఏదున్నా కుట్టి తెమ్మంది మేడం. తిరుమలమ్మ ఆ రాత్రి ట్రంకుపెట్టె తెరిచింది. మునిచంద్ర చొక్కాలన్నీ సంచులయ్యాయి. పసుపు చొక్కా గుండీ మాత్రం కత్తిరించడానికి చెయ్యి రాలేదు. పళ్ళొచ్చేటప్పుడు వాడు చీకి చీకి కొరికిన గుండీ అది. అంచు మీద గాటు ఇంకా ఉంది. అలాగే ఉంచి కుట్టేసింది.

ఆ పసుపు సంచిలోనే పిందె నిలిచింది. ఆమె కట్టిన తక్కిన గుత్తులన్నీ రాలిపోయాయి, అందరివీ చాలామటుకు రాలాయి. పై కొమ్మన ఈ ఒక్కటీ గోలీకాయంత అయింది. "ఇది మొలిస్తే నూరేళ్ళ చెట్టు" అంది మేడం మాటవరసకు. తిరుమలమ్మ ఆ మాటను కొంగున ముడేసుకుంది. ఆ ఒక్క మొలకనూ పీకనివ్వకూడదు. కాళ్ళు పట్టుకునైనా సరే.

ఇవాళ నిచ్చెన పట్టుకున్న మనిషి కొత్తది. పేరు లోకేశ్వరి. మగ్గాలు ఆగిపోయి మొగుడితో నగరి నుంచి వచ్చింది. తిరుమలమ్మ దిగుతుంటే ఆమె చూపు పై కొమ్మ మీద నిలిచింది.

"అక్కా, ఆ పసుపు గుడ్డ మా మగ్గం గుడ్డే గదా? నువ్వు తిరుమలమ్మవు గదా? మీ పిలగాడి పుట్టెంట్రుకలకి నేనే గదా ఆ గుడ్డ ఇస్తిని!" అంటూ ఆమె చెయ్యి పట్టుకుంది. లోకేశ్వరి కళ్ళలో నీళ్ళు నిజమైనవే. "పాపం, బిడ్డ పోయినా గుడ్డ ఇన్నాళ్ళు దాసుకుంటివే తల్లీ."

పక్క చెట్ల మీద చిమటాలు ఆగిపోయాయి.

శకుంతలమ్మ నిదానంగా వచ్చింది. "ఏమ్మే, ఎవురు పోయింది?"

తిరుమలమ్మ పై కొమ్మ వైపు చూసింది.

"నా ముందర కూసోని పండ్లు ఊడినాయని చెప్తివే! సచ్చిన బిడ్డకి పండ్లు ఊడతాయా? సచ్చిన బిడ్డ గుడ్డ తెచ్చి పూతకి కడితివా? అందుకేనా మా పిందెలన్నీ రాలిపొయ్యింది?"

"నాది నిలబడిందక్కా," అంది తిరుమలమ్మ.

"నీదే నిలబడింది. మావన్నీ మింగి నిలబడింది."

ఆడవాళ్ళంతా చిమటాలు కింద పెట్టి గట్టున కూర్చున్నారు. కబురందుకుని మేడం వచ్చింది. "ఇదంతా ఒట్టి మూఢనమ్మకం" అంది. ఎవరూ లేవలేదు. తలెత్తి పూత వైపు చూసుకుంది. ఎండ ఎక్కుతోంది, పూత ఎవరి కోసమూ ఆగదు. గొంతు తగ్గించింది.

"సంచులు మార్చేయ్ తిరుమలమ్మా. కంపెనీ సంచులు కట్టు. రేపటి నుంచి నిన్ను పంపు పనికి వేస్తాను. ఏమనుకోవద్దు, నాకు పని జరగాలి."

తిరుమలమ్మ తెల్ల సంచులు అందుకుంది. కింది కొమ్మల సంచులు నేల మీద నిలబడే విప్పి, మడిచి రవికలో దోపుకుంది. పై కొమ్మకు నిచ్చెన ఆనించి వెనక్కి చూసింది.

"ఎవురన్నా పట్టుకోండమ్మా."

లోకేశ్వరి లేవబోయింది. "కూసోమే. నీకూ ఇద్దరు పిలకాయలుండారు గదా" అంది శకుంతలమ్మ. లోకేశ్వరి కూర్చుంది. మేడం అప్పటికే ల్యాబు వైపు నడుస్తోంది.

తిరుమలమ్మ ఒక్కతే ఎక్కింది. పసుపు సంచి మీద చెయ్యి వేసింది. లోపల పిందె గట్టిగా, చల్లగా వేలికి తగిలింది. దారం ముడి మీద గోరు పెట్టింది. మళ్ళీ తీసేసింది. ఇంకోసారి పెట్టింది.

గుల్ల మట్టిలో నిచ్చెన కాలు ఒకటి దిగబడింది. చేతికి అందేంత దూరంలో ఉన్న కొమ్మ అదొక్కటే. వేళ్ళు దాన్ని చుట్టుకున్నాయి, కొమ్మ వంగింది, తొడిమ దగ్గర సన్నగా చిటుక్కుమంది. తిరుమలమ్మ చెయ్యి వదిలేసింది.

పాదు గట్టు రాయికి తల తగిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు.

ఫ్యాక్టరీ వ్యానులో చిత్తూరుకు తీసుకుపోయారు. పొద్దుటి టీ వేళకు ముందే ఫోను వచ్చింది, ఊరు చేరకముందే ప్రాణం పోయిందని. లోకేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శకుంతలమ్మ బోరు దగ్గర కాళ్ళు కడుక్కుని, పూత మీద పసుపు నీళ్ళు చల్లించింది. ఆ తరువాత ఆడవాళ్ళు లేచి చిమటాలు అందుకున్నారు.

శకుంతలమ్మ పై కొమ్మకు దోటి ఎత్తబోతే మేడం వద్దంది.

"దాన్ని ముట్టుకోవద్దు. పిందె నిలబడి ఉంది."

మాపటి గాలికి తెల్ల సంచుల మధ్య ఆ పసుపు సంచి ఉబ్బుతోంది, తగ్గుతోంది, మళ్ళీ ఉబ్బుతోంది. దాని మూతి దగ్గర, ఒక అంచు కొరికినట్టున్న చిన్న గుండీ.