గ్లాసు మీద అట్టబిళ్ళ

జర్మనీలో మా కొలోన్‌లో బీరు కావాలని ఎవరూ అడగరు. కూర్చుంటే వస్తుంది. గ్లాసు చిన్నది, నాలుగు గుక్కలకు ఖాళీ. ఖాళీ అయ్యేసరికి ఇంకోటి వచ్చి దాని పక్కన నిలబడుతుంది. ఇక చాలనుకుంటే గ్లాసు కింద ఉండే అట్టబిళ్ళ తీసి పైన మూతలా పెట్టాలి. అంతదాకా కోబెస్ ఆగడు, అడగడు. కోబెస్ అంటే వడ్డించేవాడు, అంటే నేను. పేరు గెరెయోన్. నీలం ఏప్రాన్ కట్టుకుని 'తెల్లకోడి' బీరు హాల్లో ముప్పై ఎనిమిదేళ్ళుగా వడ్డిస్తున్నాను. కోబెస్‌కి నోటిదురుసు ఉండాలన్నది కూడా మా ఊరి ఆచారమే. మంచినీళ్ళడిగినవాణ్ణి "సబ్బూ తువ్వాలూ కూడా తేనా?" అని ఎత్తిపొడవకపోతే వాడు చిన్నబుచ్చుకుంటాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, నేను ఇన్నేళ్ళూ చెడ్డనోటితోనే బతికాను. దాని గురించి ఎన్నడూ సిగ్గుపడలేదు, సేవెరిన్ సంగతి తెలిసేదాకా.

సేవెరిన్‌దీ నాదీ ఒకే బడి, ఒకే బెంచీ. వాడు టైల్స్ మేస్త్రీ అయ్యాడు. తెల్లకోడి నేలమాళిగలో ఉన్న మరుగుదొడ్లకు టైల్స్ వేసింది వాడే. అక్కడికి దిగే పద్దెనిమిది మెట్లకు రాళ్ళు పరిచిందీ వాడే. ప్రతి మంగళవారం సాయంత్రం కిటికీ పక్క బల్ల వాడిది, పోస్టాఫీసులో చేసి రిటైరైన లుడ్గర్‌ది. ఆ రోజు ఆ బల్ల దగ్గర బిషప్పుగారొచ్చి కూర్చున్నా లేపేసేవాణ్ణి.

మూడేళ్ళ కిందట సేవెరిన్ వెన్నులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి గడ్డ తీశారు, కాళ్ళు మాత్రం పనిచెయ్యలేదు. ఆర్నెల్లు పోయాక ఒక మంగళవారం చక్రాల కుర్చీలో వచ్చి మా గుమ్మం ముందు ఆగాడు. మా గుమ్మానికి మెట్టు ఒక్కటే, జానెడెత్తు.

"ఒక చెక్క వాలుగా వేయించకూడదూ?" అన్నాడు.

"ఒక్క మెట్టుకి చెక్కేమిట్రా? మేం చచ్చామా?" అన్నాను.

నేనొక పక్కా లుడ్గర్ ఒక పక్కా పట్టుకుని, "హైస్సా!" అని కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టాం. హాలంతా చప్పట్లు కొట్టింది. అప్పట్నించి ప్రతి మంగళవారం అదే తంతు. "తప్పుకోండి, పెళ్ళికొడుకుని తెస్తున్నాం!" అని నేను కేకపెట్టేవాణ్ణి. వాడు నేలచూపులు చూస్తూ నవ్వేవాడు. నవ్వుతున్నాడు గదా అనుకున్నాను, ఆ చూపు ఎటుందో పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ ఎత్తడం నాకు గర్వంగా ఉండేది. ఈ వయసులో కూడా నా నడుం గట్టిదని నలుగురికీ తెలిసేది.

అయితే వాడు ఒక్క గ్లాసు తాగి అట్టబిళ్ళ మూత పెట్టేసేవాడు. ఒకప్పుడు నేను తెచ్చింది తెచ్చినట్టు ఖాళీ చేసినవాడు!

"ఏరా, నీకు విరిగింది నడుమా, గొంతా?" అన్నాను మొదటిసారి.

"మాత్రలు వేసుకుంటున్నాలే."

"మాత్రలేసుకునేవాళ్ళకి పాలసీసా కూడా ఉంది. తేనా?"

బల్లంతా నవ్వింది. వాడూ నవ్వాడు. రెండో వారం అదే, మూడో వారం అదే. నాకు పంతం పట్టుకుంది. వాడికి దాహం పుట్టించాలని వంటవాడితో చెప్పి, ఉప్పులో ఊరిన పందికాలు మామూలు కంటే ఇంకాస్త ఉప్పగా చేయించాను. కమ్మగా ఉందంటూ వాడు మొత్తం తిన్నాడు. పెదవులు తడుపుకుంటూ గ్లాసు మీద మూత మాత్రం తియ్యలేదు. "వీడు మనిషి కాదు, ఒంటె!" అన్నాను. ఆ పేరు కూడా ఆ బల్ల దగ్గర స్థిరపడిపోయింది.

ఈ ఏడు ఫిబ్రవరిలో, కార్నివాల్ పండగకి ముందు వారం అనుకుంటాను, వాడి బల్ల తుడుస్తుంటే గ్లాసు మీది అట్టబిళ్ళ నా చేతికిచ్చాడు.

"తిప్పి చూడు."

వెనకవైపు పెన్సిల్‌తో బొమ్మ గీశాడు. వంటింటి పక్కన మా చిన్న గది. దాని పొడవు, వెడల్పు, ఎక్కడ తొట్టి, ఎక్కడ పట్టుకునే కడ్డీ, తలుపెటు తెరుచుకోవాలో చెప్పే వంపుగీత. మేస్త్రీ గీత, స్కేలు పెట్టినట్టు ఉంది.

"ఈ అంతస్తులోనే ఒక మరుగుదొడ్డి," అన్నాడు మెల్లగా. "ఆ గది సరిగ్గా సరిపోతుంది. టైల్స్ నా దగ్గర మిగిలినవున్నాయి. హాలు హెడ్విగ్ మేడందే గదా, నువ్వు చెబితే వింటుంది."

"నీకు టైల్స్ పిచ్చి ఇంకా వదల్లేదన్నమాట," అన్నాను. "సరే, చెబుతాలే."

అట్టబిళ్ళ ఏప్రాన్ సంచిలో వేసుకున్నాను. చెప్పలేదు. కార్నివాల్ రద్దీ అన్నది నాకు నేను చెప్పుకున్న సాకు. అసలు సంగతి వేరు. ఆ చిన్న గది మాది, కోబెస్‌లది. పది గంటలు నిలబడ్డాక బూట్లు విప్పి పావుగంట కాళ్ళు బారజాపుకునేది అక్కడే. నా కుర్చీ ఒకటుంది అందులో, నా ఒంటి తీరుకు అరిగిన కుర్చీ. అది పోతుందని చెప్పలేదు. వాడు మళ్ళీ అడగలేదు. ప్రతి మంగళవారం వచ్చి, ఒక్క గ్లాసు తాగి, మూత పెట్టి, నా మొహంకేసి ఒకసారి చూసేవాడు. "ఏం చూస్తావు ఒంటే, ఎడారి కనిపిస్తోందా?" అనేవాణ్ణి.

ఏప్రిల్లో రావడం మానేశాడు. రెండు మంగళవారాలు చూశాక లుడ్గర్ చెప్పాడు, ఆస్పత్రిలో ఉన్నాడట. మర్నాడు పూలు కొనుక్కుని వెళ్ళాను. సేవెరిన్ నిద్రపోతున్నాడు. గది బయట వాళ్ళక్క ఊర్సెల్ కూర్చునుంది. చిన్నప్పుడు మా ఇద్దరి చెవులూ మెలిపెట్టిన చెయ్యి ఆవిడది.

"కిడ్నీల్లో రాళ్ళు. దానిమీద జ్వరం," అంది. "నీళ్ళు బాగా తాగమని డాక్టరు మొత్తుకుంటూనే ఉన్నాడు. మిగతా రోజులు తాగుతాడు. సోమవారం రాత్రి నుంచి మాత్రం చుక్క ముట్టడు. కాఫీ లేదు, సూప్ లేదు."

"ఎందుకక్కా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎందుకంటావేమిట్రా? మంగళవారం మీ దగ్గరికి వస్తాడు గదా. వచ్చాక అవసరమైతే ఎక్కడికి పోతాడు? పద్దెనిమిది మెట్లు దిగగలడా? ఒక్క గ్లాసు దాకా ఆపుకోగలనక్కా, అంటాడు. మానెయ్యరా అంటే వినడు. వడ్డించేవాడు మనవాడే అక్కా, అంటాడు."

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఆ మనవాడు వాడి పళ్ళెంలో ఉప్పు ఎక్కువ వేయించాడు. పూలు ఆవిడ ఒళ్ళో పెట్టి వచ్చేశాను. వాడు లేచేదాకా ఉండే మొహం నాకు లేదు.

ఆ సాయంత్రమే ఏప్రాన్‌లన్నీ దులిపి అట్టబిళ్ళ వెతికాను. దొరికింది. బీరు తడికి ఒక మూల ఉబ్బి, సగం గీతలు అలుక్కుపోయాయి. హెడ్విగ్ మేడం ముందు పెట్టి సంగతంతా చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని చూసింది.

"ఇది ఎప్పుడిచ్చాడు?"

"కార్నివాల్ ముందు."

"ఇప్పుడు చెబుతున్నావా? అప్పుడే చెబితే అప్పుడే చేయించేదాన్ని కదయ్యా. ఆ గది నాకెందుకు?"

ఇంత తేలిగ్గా అయ్యే పని! తిట్టినా బాగుండేది. ఆవిడ తిట్టలేదు, వెంటనే పనివాళ్ళను పిలిచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను దగ్గరుండి అన్నీ చేయించాను. నా కుర్చీ నా చేతులతోనే వీధిలో పడేశాను. గుమ్మం మెట్టుకి వాలుచెక్క. గదిలో కడ్డీలు, కిందికి వాల్చిన అద్దం, తెల్ల టైల్స్. పూర్తయ్యేదాకా సేవెరిన్‌కి ఎవరూ చెప్పొద్దని లుడ్గర్ దగ్గర ఒట్టు వేయించుకున్నాను. వాణ్ణి ఒక్కసారిగా ఆశ్చర్యపరచాలని నా ఉబలాటం.

ఆగస్టులో అంతా సిద్ధమయ్యాక వాళ్ళింటికి ఫోన్ చేస్తే ఊర్సెల్ ఎత్తింది. "మంగళవారమా? ఊరి చివర పెద్ద ఫర్నిచర్ దుకాణం లేదూ, అందులో క్యాంటీన్‌కి పోతాడు," అంది.

ఆ మంగళవారం మంచాలు, బీరువాలు, పిల్లల ఉయ్యాలలు దాటుకుని వెళ్ళాను. పరదాల గుడ్డలు బేరమాడుతున్న ఆడవాళ్ళ పక్కన, ప్లాస్టిక్ బల్ల దగ్గర మావాడు కూర్చున్నాడు. చిక్కిపోయాడు. ముందు ఒక గ్లాసు, మూడు ఖాళీ సీసాలు ఉన్నాయి, నాలుగోది సగమైంది. కొలోన్‌లో పుట్టినవాడు సీసా బీరు తాగుతుంటే మామూలుగానైతే ఊరంతా టముకు వేసి ఉండేవాణ్ణి.

"రా రా కోబెస్," అన్నాడు. "ఇక్కడ కౌంటరుకెళ్ళి ఎవరి బీరు వాళ్ళే తెచ్చుకోవాలి. నీకు కష్టం."

నవ్వాను, కూర్చున్నాను. ఉన్నట్టుండి వాడు మెడలోని తాళంచెవి తడుముకుని, "ఇప్పుడే వస్తా," అని కుర్చీ తిప్పుకుని వెళ్ళాడు. మూడు నిమిషాల్లో తిరిగొచ్చాడు. ఎవరూ ఎత్తలేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"చూశావా ఇది?" అని తాళంచెవి ఎత్తి చూపించాడు. "మాలాంటివాళ్ళ కోసం చేసింది. యూరప్‌లో వేల దొడ్ల తలుపులు తీస్తుంది. మీ హాల్లో మాత్రం తియ్యడానికి తలుపే లేదు."

"ఉంది," అన్నాను. "ఇప్పుడుంది."

అంతా చెప్పేశాను. వాలుచెక్క, కడ్డీలు, టైల్స్. తర్వాత చెప్పలేక చెప్పలేక, "ఆ అట్టబిళ్ళ అప్పట్లో నేను మేడంకి చూపించలేదురా," అన్నాను. "నా కుర్చీ పోతుందని."

"తెలుసు," అన్నాడు. "ప్రతి మంగళవారం నీ మొహం చూస్తే తెలిసేది."

తెలిసీ వచ్చాడు. తెలిసీ ఒంటె అనిపించుకున్నాడు.

మేస్త్రీ గొంతుతో అడిగాడు. "తలుపెటు తెరుచుకుంటుంది?"

"లోపలికి."

"లోపలికా?"

"ఆ వంపుగీత బీరుకి చెరిగిపోయింది. వడ్రంగి మామూలు తలుపులాగే పెట్టేశాడు."

సేవెరిన్ కళ్ళు మూసుకున్నాడు. "నేను లోపలికెళ్ళాక ఆ తలుపు నా చక్రానికి అడ్డంపడుతుంది. మూసుకోదు. వంటింటి వాళ్ళంతా చూస్తుండగా కూర్చోవాలి నేను." అని కళ్ళు తెరిచాడు. "గీత చెరిగిపోతే గీసినవాణ్ణి అడగొచ్చుగా గెరెయోన్! నేను బతికే ఉన్నాను గదా!"

"నిన్ను ఆశ్చర్యపరుద్దామని..."

"పరిచావులే."

"రేపే మార్పిస్తాను. ఒట్టు. నా మీద కోపం పెట్టుకోకు."

"కోపమా? కోపముంటే అక్కడికే వచ్చి నాలుగు తిట్టిపోయేవాణ్ణి. కోపం లేదురా. విసుగొచ్చింది. ఎత్తించుకోవడానికి విసుగు, నవ్వడానికి విసుగు, అడగడానికి విసుగు. ఇక్కడ ఎవరూ నా దోస్తులు కారు. అయినా గొంతు తడుపుకుంటున్నాను."

యాభై ఏళ్ళ స్నేహితుణ్ణి దాహంతో కూర్చోబెట్టి ఒంటె అని పిలిచినవాణ్ణి. చుట్టూ జనం ఉన్నారని ఏడుపు ఆపుకున్నాను. వాడి సీసా ఖాళీ అయింది. చేతులు అలవాటుగా కౌంటరు వైపు లేచాయి. ఆపుకుని, నిలబడి, జీవితంలో ఏ గిరాకీనీ అడగని మాట అడిగాను.

"ఇంకోటి తేనా?"

సేవెరిన్ తలెత్తి చూశాడు.

"అడుగుతున్నావే!" అన్నాడు. "కోబెస్ అడుగుతున్నాడే."

కుర్చీ పక్కసంచిలో చెయ్యి పెట్టి ఒక అట్టబిళ్ళ తీశాడు. మాదే, తెల్లకోడి బొమ్మది. ఎన్నాళ్ళుగా మోసుకు తిరుగుతున్నాడో. దాన్ని ఖాళీ గ్లాసు మీద మెల్లగా పెట్టాడు.

"ఇవాళ్టికి చాలురా. నాలుగింటికి నా బండి వస్తుంది."

"వచ్చే మంగళవారం?"

"చూద్దాం," అని చక్రాలు తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు. అద్దాల తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. సాగనంపడానికి లేచాను గానీ, నా అవసరం అక్కడ లేదు.

తిరిగొచ్చి బల్ల దగ్గర కూర్చుని, గ్లాసు మీది అట్టబిళ్ళ తీసి వెనక్కి తిప్పి చూశాను. ఏమీ గీసి లేదు.