వంతెన మీద ఒక్క మాట

పడవల పండగలోపు రెన్స్కె చెయ్యాల్సిన పనులివి: నీలం క్రీముతో కేకు చెప్పాలి. మున్సిపాలిటీ పెద్దాయన ఉపన్యాసంలో తప్పులు దిద్దాలి. ఫోటోగ్రాఫరుకి ఫోన్ చెయ్యాలి. వంతెన కమ్మీలకి పెద్ద గుడ్డ బ్యానరు కట్టించాలి. ఆ బ్యానరు మీద ఫోటోగా ఎక్కబోయే మనిషిని కలిసి, ఆయన చేత రెండు మంచి మాటలు చెప్పించాలి.

హావర్‌డీప్ మున్సిపాలిటీలో, పని పోయినవాళ్ళకి పని చూపించే ఆఫీసులో ఆమె ఏడాది కాంట్రాక్టు మీద చేరింది. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తనే. తండ్రి బతుకంతా పరాయివాళ్ళ ఆవులకి పాలు పితికాడు. తల్లి ఆ డిగ్రీ కాగితానికి అద్దం కట్టించి, వీధిలో పోయేవాళ్ళకి కూడా కిటికీలోంచి కనిపించేలా ముందుగదిలో పెట్టింది. కాంట్రాక్టు పొడిగిస్తారో లేదో ఆ నెలాఖరుకి తేలాలి.

ఆ ఆఫీసులో అందరి నోటా నానే మాట సక్సెస్. హావర్‌డీప్‌లో దానికి మూడు అర్థాలు. గెలుపు అన్నది ఒకటి. అది ఎక్కువగా పేపర్లలో కనిపిస్తుంది. పరీక్షకి వెళ్ళే పిల్లని గుమ్మం దాకా సాగనంపి 'సక్సెస్' అంటే, మంచి జరగాలి అని. ఇక నీతో నాకు పని లేదనుకున్నవాడు తలుపేస్తూ 'సక్సెస్' అంటే, నీ చావు నువ్వు చావు అని. గొంతుని బట్టి తెలుసుకోవాలి. ఆ ఆఫీసు నుంచి వెళ్ళే ప్రతి ఉత్తరం చివరా ఆ మాటే ఉండేది. ఉత్తరానికి గొంతు ఉండదు గనక, చదివేవాడు తన అనుభవం కొద్దీ అర్థం చేసుకునేవాడు.

ఆఫీసు లెక్కలో మాత్రం సక్సెస్ అంటే, పని లేనివాళ్ళకి నెలనెలా ఇచ్చే భత్యం తీసుకోవడం మానేసినవాడు. ఎందుకు మానేశాడు, ఎలా తింటున్నాడు అని అడిగే ఆచారం అక్కడ లేదు.

అలా సక్సెస్ అయినవాడే, బ్యానరుకి ఎంచిన లుప్పో బోల్హౌస్. పడవలు వచ్చినప్పుడల్లా ఊరి కాలువ మీద వంతెనని ఎత్తి దించే ఉద్యోగం ఆయనది. ఇప్పుడు ఎక్కడో పట్నంలో కూర్చుని, కెమెరాలో చూసి మీట నొక్కుతున్నారు. ఉద్యోగంతో పాటు వంతెన పక్కనున్న ఇల్లు కూడా పోయింది. అక్క ఇంట్లో వెనకగదిలో ఉంటున్నాడు.

రెన్స్కె వెళ్ళేసరికి అక్క కాఫీ పోసి, మనిషికో బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేసింది.

"ఇప్పుడు ఏం పని చేస్తున్నారు లుప్పో గారూ?"

"మా అక్క తింటుంటే ఎదురుగా కూర్చోవడం."

"కూర్చోవడమేనా? రెండోసారి వడ్డించుకుంటాడు కూడా," అంది అక్క.

రెన్స్కె పెన్ను ఆగింది. "మరి మా భత్యం ఎందుకు మానేశారు?"

"మీ ఆఫీసరు మార్లూస్ అమ్మగారు మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, సక్సెస్ అంటే మీకేమిటో బొమ్మ గీయండి అంది. నేను వంతెన గీశాను. 'గతం వద్దు లుప్పో, భవిష్యత్తు గీయండి' అంది. సరే కదా అని వంతెన ఎత్తి గీశాను."

రెన్స్కెకి నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"తర్వాత బట్టల కొట్టుకి తోలారు, హ్యాంగర్లు ఏరమని. జీతం లేదు, అనుభవం ఇస్తారట. అరవై దాటినవాడికి హ్యాంగర్ల అనుభవం ఎందుకమ్మాయ్? నన్నే తగిలించుకోనా? మీ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి అని లేచొచ్చేశాను."

ఆమె బ్యానరు సంగతి చెప్పింది. ఆయన కప్పు కింద పెట్టాడు.

"ఆ వంతెన మీదా? నా మొహమా?"

"అవునండీ."

"కింద పోయే ప్రతి పడవవాడికీ నేను తెలుసు. నన్ను తీసేశారనీ తెలుసు. అక్కడే నన్ను వేలాడదీసి గెలిచాడని రాస్తారా? నవ్వితే పోనీ. జాలిపడతారు. నా మొహం అక్కడ పెట్టనివ్వకు అమ్మాయ్. ఇంకేమీ అడగను."

"పెట్టనివ్వను," అంది రెన్స్కె. తిరిగొస్తూ సైకిలు తొక్కుతుంటే, అంత అధికారం తనకి లేదన్న సంగతి గుర్తొచ్చింది.

మార్లూస్ చెడ్డ మనిషేం కాదు. ఆఫీసులో అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకునేది. పేదరికం మీద మాత్రం ఆవిడకి బొత్తిగా నమ్మకం లేదు.

"ఆయనకి పని లేదు మార్లూస్. అక్క పెన్షన్ మీద బతుకుతున్నాడు."

"మన భత్యం పద్దులో ఉన్నాడా?"

"లేడు."

"మరింకేం?"

"ఆయనకి ఇష్టం లేదు."

"ఫోటో వాడుకోవచ్చని మొదటి రోజే సంతకం పెట్టాడుగా. అందరూ పెడతారు. చూడు రెన్స్కె, నీ మీద మాకు చాలా ఆశ ఉంది. ఎవరి మీదో జాలితో చెడగొట్టుకోకు. రేపటికల్లా బ్యానరు ప్రింటుకి వెళ్ళిపోవాలి."

రెన్స్కె కంప్యూటర్లో బ్యానరు నమూనా తెరిచింది. ఫోటో తీసేసింది. పేరు తీసేసింది. 'ఆయన సాధించాడు, మీరూ సాధించగలరు' అన్న వాక్యం తీసేసింది. మిగిలింది ఒకే మాట, దాని కింద మున్సిపాలిటీ ముద్ర.

ప్రింటింగ్ షాపు ఏల్కో దాన్ని చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇంతేనా?"

"ఇంతే."

"కాపలా మనిషిని పీకేసిన వంతెన మీద, మున్సిపాలిటీ ముద్రేసి మరీ 'సక్సెస్' అని కడతారా? మీ ఆఫీసులో ఇంత హాస్యం ఉందని తెలీదమ్మా."

అప్పటిదాకా రెన్స్కెకి అది తట్టలేదు. ఒక మనిషి మొహాన్ని కాపాడాలనుకుంది, అంతే. నెలాఖరు గుర్తొచ్చింది. అమ్మ, ఆ కిటికీ గుర్తొచ్చాయి. లుప్పో ఫోటో సంచీలోనే ఉంది, కావాలంటే ఇప్పుడైనా పెట్టొచ్చు.

"అచ్చు వెయ్యండి," అంది.

పండగనాడు గాలికి బ్యానరు ఒక మూల ఊడి వంతెన కెమెరా కంటిని కప్పేసింది. పట్నంలో మీట దగ్గర కూర్చున్నవాడికి ఏమీ కనపడలేదు, వంతెన లేవలేదు. జెండాలు కట్టిన పడవలు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. ముందు పడవలో ఉపన్యాసం చేతపట్టుకుని పెద్దాయన. అందరి ఎదురుగా ఆ మాట.

"చదివాం, చదివాం," అని అరిచాడు ఒకడు. "మీకూ సక్సెస్."

"పన్ను కట్టమన్నప్పుడు నేనూ ఇదే రాసి పంపుతా," అంది పక్క పడవలో ముసలామె.

కాలువ పొడుగునా నవ్వులు. అక్క పక్కన గట్టు మీద బల్ల మీద కూర్చున్న లుప్పో వైపు ఎవరూ తిరిగి చూడలేదు. ఆయనకి కావలసింది అదే.

నెలాఖరుకి రెన్స్కె కాంట్రాక్టు పొడిగించలేదు. పైకి రావాలన్న పట్టుదల చాలదన్నారు. అద్దం కట్టిన కాగితాన్ని తల్లి కిటికీలోంచి తియ్యలేదు. "అది వాళ్ళిచ్చింది కాదుగా," అంది. రెన్స్కె పొరుగూళ్ళో బడిపిల్లలకి పాఠాలు చెప్పే పనిలో చేరింది.

కొన్నేళ్ళకి లుప్పో పోయాడు. ఆయన శవబండి వంతెన దగ్గరికి వచ్చేసరికి అది పైకి లేచి ఉంది. ఎవరిదో షికారు పడవ తీరిగ్గా దాటేదాకా బండి ఆగింది. వెనక నడుస్తున్న రెన్స్కెతో అక్క అంది: "వాడుంటే ఆ పడవని ఆపేవాడు."

నిజమే. శవం వస్తోందంటే ఎంతటివాడి పడవనైనా నిలబెట్టి, వంతెన దించి, టోపీ తీసి వానలో నిలబడేవాడని ఆ ఊరివాళ్ళందరూ చెబుతారు. ఎక్కడైనా ఏదైనా వంతెన దగ్గర ఆగాల్సి వస్తే, లుప్పో బోల్హౌస్‌ని ఒక్కసారి తలుచుకోండి.