తెగులు నీళ్ళు

మధ్యాహ్నం నుంచి మాడిన ఆకులు నలిపీ నలిపీ ఆమె వేళ్ళు పసరెక్కాయి. అగ్గితెగులు పట్టిన ఆకులను నానబెట్టి, గుడ్డలో వడగట్టి, ఆ నీళ్ళను మంచి మొక్కల మీద చల్లడమే వరి పరిశోధన క్షేత్రంలో ఆమె పని. తట్టుకుని నిలిచిన రకం పాసైనట్టు, మాడిపోయింది తప్పినట్టు. లోకమంతా పైరు చల్లగా ఉండాలని కోరుకుంటుంటే, పైరుకు రోగం పెట్టి కూలి తెచ్చుకునే మనిషి ఈవిడ. తోటి కూలీలు తెగులక్క అని పిలిస్తే నవ్వి ఊరుకునేది.

ఈరోజు మాత్రం నవ్వు రావడం లేదు. పొద్దు వాలుతుండగా సూపర్‌వైజరు వచ్చి, ఒక విత్తనాల కంపెనీవారి కొత్త రకం ఉన్న మడిలో తెగులు నీళ్ళకు బదులు ఉత్త నీళ్ళు చల్లమన్నాడు. త్వరలో పెద్దలు చూడటానికి వస్తున్నారట, మడి పచ్చగా కళకళలాడాలట. ఆమెను పర్మనెంటు చేసే సంగతి కూడా వాళ్ళ చెవిన వేస్తానన్నాడు. ఏళ్ళ తరబడి ఏ పూటకాపూట కూలి మీద బతుకుతున్న మనిషికి అదేమీ చిన్న మాట కాదు.

ఆమెకు తమ్ముడు గుర్తొచ్చాడు. పోయిన పంట అగ్గితెగులుకే మాడిపోయి, కౌలు పొలం నిలుపుకోవడానికి వాడు ఎడ్లను అమ్ముకున్నాడు. ఈసారి ఈ కొత్త రకమే వేస్తానని పట్టుబట్టాడు. మా అక్క చేతిమీద పాసయ్యే విత్తనం అని కనబడిన వాళ్ళందరికీ చెబుతున్నాడు. వాడి మాట నమ్మి ఇంకో నలుగురు సిద్ధపడ్డారు.

"ఉత్త నీళ్ళు నేను చల్లనండి" అంది.

"నీళ్ళే కదమ్మా, నీ సొమ్మేం పోయింది?" అన్నాడు సూపర్‌వైజరు గొంతు తగ్గించి.

"మా తమ్ముడు ఈ విత్తనమే వేస్తాడండి. రేపు వాడి పొలంలో ఉత్త నీళ్ళతో సరిపెట్టుకోమని తెగులుకి మీరొచ్చి చెప్తారా?"

అతను ముఖం కందగడ్డలా చేసుకుని, రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదన్నాడు. ఆ ఉత్త నీళ్ళు చల్లమని గట్టు మీదున్న ఆడకూలీలను కేకేశాడు. ఒకామె నడుం పట్టేసిందంది. ఇంకొకామె కాల్లో ముల్లు తీసుకుంటూ కూర్చుంది. ఎవరూ లేవలేదు.

తెగులక్కకు భయం వేసింది. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో తోచలేదు. అయినా తెగులు నీళ్ళ డబ్బా వీపుకెత్తుకుని ఆ మడిలోకే దిగింది. వెనక అతను అరుస్తూనే ఉన్నాడు. ఆ మొక్కలు బతకాలని అక్కడ ఆమెకంటే గట్టిగా కోరుకునేవాళ్ళు లేరు. ఒక్క ఆకు కూడా వదలకుండా తడుపుతూ పోయింది.